పీడీఎఫ్‌ల అటకగా మారిన ఎల్ఎంఎస్

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ చదువుల మీద పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు రెండు గట్ల మీదే నడుస్తుంటాయి. ఊరూరికీ ఐఐటీ పాఠం అందుతుందని ఒక గట్టు. ఫోన్ చేతికిచ్చి పిల్లల్ని చెడగొట్టామని ఇంకో గట్టు. ఈ రెంటి నడుమ కళాశాలల్లో రోజూ జరిగే పని ఒకటుంది. అధ్యాపకుడు ఎల్ఎంఎస్‌లో (లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) కోర్సు తెరిచి అందులో ఏదో పెడతాడు, విద్యార్థి దాంతో ఏదో చేస్తాడు. ఆ ‘ఏదో’ ఏమిటన్న దాని గురించి ఎవరూ రాయరు. చదువు ఒంటబట్టేదీ పట్టనిదీ అక్కడే తేలుతుంది. డిగ్రీ, ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎల్ఎంఎస్ నడిపే పని మాది కాబట్టి ఆ సంగతులు విడమరిచి రాస్తున్నాం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

ముందు పేర్ల గందరగోళం తీరాలి. జూమ్‌లో గంటసేపు చెప్పిన పాఠం ఎల్ఎంఎస్ కాదు. టీవీలో వచ్చిన పాఠమూ కాదు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో బడి పిల్లలకు పాఠాలు ప్రసారం చేశారు. నెట్ లేని ఇళ్లకు కూడా అవి చేరాయి, అది చిన్న విషయమేమీ కాదు. కానీ పిల్లవాడు ఏ మెలిక దగ్గర ఆగిపోయాడో టీవీకి తెలియదు. పాఠం, అభ్యాసం, పరీక్ష, మార్కులు, అడిగిన సందేహం, దానికి వచ్చిన జవాబు అన్నీ ఒకేచోట విద్యార్థి పేరు మీద నమోదయ్యే ఏర్పాటునే ఎల్ఎంఎస్ అంటున్నాం. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టిన మూడిల్ అనే ఎల్ఎంఎస్ తొలి వెర్షన్ 2002లో వచ్చింది. దాన్ని ఉచితంగా దించుకుని సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ నడపడం తేలిక, సర్వర్ తలనొప్పి ఉండదు. అయితే మూడిల్‌లో ఉన్నట్టు ప్రశ్నల బ్యాంకు అందులో లేదు. గూగుల్ ఫారమ్‌లో ప్రశ్నల వరుస కలిపేయవచ్చు గానీ, నలభై ప్రశ్నల్లోంచి ఒక్కొక్కరికి వేరే పది తీసి ఇవ్వమంటే దానంతట అది ఇవ్వదు. కింద రాసేదంతా ఎక్కువగా మూడిల్‌ను దృష్టిలో పెట్టుకునే.

ఇప్పుడు చాలాచోట్ల కోర్సు ఎలా ఉంటుందో చూడండి. ఐదు యూనిట్లకు ఐదు ఫోల్డర్లు. ఒక్కోదాంట్లో నోట్సు పీడీఎఫ్, పీపీటీ, ఓ యూట్యూబ్ లింకు, పాత ప్రశ్నపత్రం. తనిఖీకి వచ్చినవాళ్లు లింకులు, స్క్రీన్‌షాట్లు అడుగుతారు, చూపిస్తారు, పని అయిపోతుంది. ఇంట్లో పనికొస్తుందో రాదో తెలియని సామానంతా అటక మీద పడేసినట్టే. విద్యార్థి సెమిస్టర్ పరీక్షల ముందు వారం అటకెక్కి అన్నీ ఒకేసారి దించుకుంటాడు. ఆ వారం తప్ప మిగతా పదిహేను వారాలు, ఎవరు ఎప్పుడు తెరిచారో చూపే లాగ్ ఖాళీ.

ఖాళీ అని తెలియకుండా ఉండేందుకు మరో ఏర్పాటు ఉంది. ప్రతి ఫైలు పక్కనా పూర్తయిందని చెప్పే టిక్కు పడుతుంది. అది ఎప్పుడు పడాలో అధ్యాపకుడే నిర్ణయించాలి. ‘చూస్తే చాలు’ అని పెడితే, ఫైలు మీద ఒక్కసారి నొక్కగానే పడిపోతుంది. నలభై పేజీల పీడీఎఫ్ తెరిచి రెండు సెకన్లలో మూసినా టిక్కే. నెలాఖరు నివేదికలో ‘92 శాతం పూర్తి’ అని వస్తే అది కాకిలెక్క. నోట్సుకు టిక్కు పెట్టే బదులు, ఆ నోట్సు వెనకే ఐదు ప్రశ్నల క్విజ్ పెట్టి, అందులో కనీస మార్కులు వచ్చినప్పుడే పూర్తయినట్టు లెక్కించమని సెట్ చేయాలి. తర్వాతి యూనిట్ తెరుచుకోవడాన్ని కూడా ఆ మార్కుకే ముడిపెట్టవచ్చు. ఆ గీత 60 శాతం దగ్గర ఉంటే బాగా నడుస్తుంది. నూటికి నూరు అని పెడితే, జవాబుల కీలో ఒక్క ప్రశ్న తప్పుండి క్లాసు క్లాసంతా ఒకటో యూనిట్ గుమ్మంలోనే నిలబడిపోతుంది.

క్విజ్ అనగానే ఆబ్జెక్టివ్ ప్రశ్నలా అని మొహం చిట్లించేవారుంటారు. ఆ చిట్లింపులో న్యాయం ఉంది. వికీపీడియాలోంచి తీసిన ‘ఎవరు, ఎప్పుడు’ ప్రశ్నలు పెడితే బట్టీ తప్ప ఏమీ రాదు. కానీ ప్రశ్నను మనసుపెట్టి తయారుచేస్తే సంగతి వేరు. ఇంటర్ స్థాయి భౌతికశాస్త్రంలో ఒక్కటి చూపిస్తాం. ఒక బస్సు 60 కిలోమీటర్ల దూరంలోని ఊరికి గంటకు 30 కిలోమీటర్ల వడితో వెళ్లి, అదే దారిలో గంటకు 60 కిలోమీటర్ల వడితో తిరిగొచ్చింది. మొత్తం ప్రయాణంలో సగటు వడి ఎంత? ఇచ్చే జవాబులు నాలుగు: 45, 40, 20, 0.

సరైనది 40. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి ఒక గంట, మొత్తం 120 కిలోమీటర్లు మూడు గంటల్లో. మిగతా మూడూ గాలిలోంచి తీసినవి కావు. 45 పెట్టినవాడు 30ని, 60ని కూడి రెండుతో భాగించాడు. 20 పెట్టినవాడు కాలం రెండు వైపులా లెక్కేసి దూరం ఒకవైపే వేశాడు. 0 పెట్టినవాడిది మరీ ముచ్చటైన తప్పు. వాడికి స్థానభ్రంశం (బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ నడుమ తిన్నని దూరం) తెలుసు, బయల్దేరిన చోటికే వచ్చాడు కాబట్టి సున్నా అనుకున్నాడు, వడిని, దిశను కూడా లెక్కలోకి తీసుకునే వేగంతో కలిపేసుకున్నాడు. ముగ్గురికీ ఒకే మందు పనిచేయదు. మూడిల్‌లో ఒక్కో తప్పు జవాబు కింద ఒక్కో వ్యాఖ్య రాసే పెట్టె ఉంటుంది. 45 కింద ‘ఏ వడితో ఎక్కువసేపు నడిచింది? రెండింటికీ సమాన వాటా ఎందుకిచ్చావు?’ అని రాయాలి. 0 కింద ‘నువ్వు లెక్కేసింది సగటు వేగం, అది సరైనదే, కానీ అడిగింది వడి’ అని రాయాలి. ఆ పెట్టెలు ఖాళీగా వదిలేస్తే క్విజ్ వట్టి మార్కుల యంత్రమే. మేం చూసిన కోర్సుల్లో ఎక్కువ వాటిలో ఆ పెట్టెలు ఖాళీ.

ఇలాంటి క్విజ్ జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందనడానికి ప్రయోగాల ఆధారం ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పాఠం మూసేసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే తిరగబడింది. గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం నిలిచింది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. పరీక్ష ముందురోజు పీడీఎఫ్ నాలుగుసార్లు తిరగేసి, అంతా వచ్చేసినట్టుందని పడుకునేవాడికి హాల్లో ఎందుకు చెయ్యి ఆగుతుందో ఇక్కడ తెలుస్తుంది.

క్విజ్‌ను ఎలా అమర్చాలన్నది ఇంకా ముఖ్యం, ఎక్కువగా చెడేదీ అక్కడే. యూనిట్‌కు పదే ప్రశ్నలు చేసి అవే అందరికీ ఇస్తే, మొదట రాసినవాడి స్క్రీన్‌షాట్ పది నిమిషాల్లో క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. నలభై ప్రశ్నల బ్యాంకులోంచి తలా పది యాదృచ్ఛికంగా ఇస్తే, ఏ ఇద్దరికైనా సగటున కలిసేవి రెండున్నర ప్రశ్నలే. లెక్కలున్న సబ్జెక్టుల్లో ఇంకా తేలిక. కాలిక్యులేటెడ్ రకం ప్రశ్నలో అంకెల బదులు గుర్తులు పెట్టి సూత్రం ఇస్తే, ఒక్కొక్కరికి వేరే అంకెలు వేసి సిస్టమే జవాబు కట్టుకుంటుంది. అంకె జవాబులకు తేడా హద్దు ఇవ్వడం మరిచిపోకూడదు. గురుత్వ త్వరణం 9.8 అని కీలో పెట్టి హద్దు సున్నా వదిలేస్తే, 9.81 అని రాసిన బుద్ధిమంతుడికి తప్పు పడుతుంది.

సరైన జవాబు ఎప్పుడు కనిపించాలన్న సెట్టింగు ఒకటి. ప్రయత్నం ముగిసిన వెంటనే చూపితే కీ చేతికిచ్చినట్టే. వెంటనే వ్యాఖ్య మాత్రం కనిపించాలి, సరైన జవాబు క్విజ్ గడువు ముగిశాక కనిపించాలి. ప్రయత్నాలు ఎన్ని అన్నది మరొకటి. నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలు పదిటికి కళ్లు మూసుకుని పెట్టినా సగటున రెండున్నర వస్తాయి. ఎన్నిసార్లయినా రాయవచ్చు, గరిష్ఠ మార్కే తీసుకుంటామంటే పది వచ్చేదాకా నొక్కుతూనే ఉంటారు. మూడు ప్రయత్నాలు, ఒక్కో ప్రయత్నానికీ నడుమ 24 గంటల విరామం, ఇది మధ్యేమార్గం. విరామంలో పుస్తకం తెరుస్తారన్నది ఆశ, అందరూ తెరవరు.

బోధన మారేది ఆ తర్వాతి అడుగులో. క్విజ్ రాత్రి ఎనిమిదికి ముగిసేలా పెడితే, మర్నాడు క్లాసుకు వెళ్లేముందు నివేదిక తెరిచి చూసేందుకు పావుగంట చాలు. అందులో రెండు అంకెలు చూడాలి. ప్రశ్నకు క్లాసు సగటు ఎంత శాతం అన్నది ఒకటి, దాన్ని ఫెసిలిటీ ఇండెక్స్ అంటారు. 90 దాటితే ఆ ప్రశ్న దండగ, 30 లోపుంటే పాఠం చేరలేదు. రెండోది డిస్క్రిమినేషన్ ఇండెక్స్. మొత్తం మీద బాగా రాసినవాళ్లే ఈ ప్రశ్నను కూడా బాగా రాశారా అన్నది అది చెబుతుంది. అది మైనస్‌లో ఉంటే బాగా చదివేవాళ్లు తప్పుతున్నారు, బలహీనులు ఒప్పు పెడుతున్నారు అని అర్థం. అలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది విద్యార్థుల్ని కాదు, మన కీని. సగానికి సగం మంది 45 పెట్టారని తెలిసిన అధ్యాపకుడు మర్నాడు సగటు వడి నిర్వచనం మొదటినుంచి చెప్పడు, బస్సు దగ్గరే మొదలుపెడతాడు. గంట పాఠంలో ఇరవై నిమిషాలు మిగులుతాయి. వర్చువల్ చదువు వల్ల తరగతి గదికి వచ్చే అసలు లాభం ఇదే. ఈ పావుగంట పని జరగని చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా అటకే.

తెలుగు మాధ్యమంలో ఇబ్బందులు వేరే ఉన్నాయి, వీటి గురించి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఎప్పుడూ తెలియదు. ఒక్క మాటలో జవాబు టైపు చేయమనే ప్రశ్న పెట్టారనుకోండి. జవాబు ‘కార్బన్’. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కంటికి కనిపించని ఒక గుర్తును తగిలిస్తాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ దాని పేరు. తెర మీద రెండు ‘కార్బన్’లూ అచ్చం ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఒప్పు రాసిన పిల్లకు సున్నా పడుతుంది, ఎందుకో ఆమెకూ తెలియదు, అధ్యాపకుడికీ తెలియదు. కీలో మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ తర్వాత ఏమున్నా ఒప్పుకుంటుంది, కానీ అప్పుడు ‘కార్బన్ డయాక్సైడ్’ అని రాసినా ఒప్పే అవుతుంది. కనిపించని గుర్తుతో ఒకటి, లేకుండా ఒకటి, రెండు జవాబులూ కీలో ఎక్కించడమే దారి. ‘ఆమ్లం’, ‘ఆమ్లము’ లాంటి జంటలు కూడా విడివిడిగా చేర్చాలి. అంత ఓపిక లేనప్పుడు తెలుగులో టైపు చేయించే ప్రశ్న మానేసి, జతపరచడమో, జాబితాలోంచి ఎంచుకోవడమో పెట్టడం నయం.

రెండో చిక్కు పాత ఫాంట్లది. అను లాంటి, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర ప్రమాణం) కాని ఫాంట్లలో కొట్టిన నోట్సు పీడీఎఫ్ చేస్తే కంటికి తెలుగులాగే ఉంటుంది. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు వస్తాయి. ఫైల్లో మాట వెతికితే దొరకదు. అన్నిటికంటే ఘోరం, చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే ఆ చెత్తనే పైకి చదువుతుంది. స్కాన్ చేసిన పేజీలైతే అదీ చదవదు. ఎక్కించేముందు ఒక్క వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే పది సెకన్లలో తేలిపోతుంది. తెలుగు అక్షరాలు వస్తే సరే, రాకపోతే యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి. విద్యార్థుల పేర్ల జాబితాను ఎక్సెల్ నుంచి ఎక్కించేటప్పుడు కూడా మామూలు సీఎస్‌వీగా కాకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా భద్రపరచాలి. లేకపోతే హాజరు పట్టీ నిండా ప్రశ్నార్థకాలే.

ఇక వీడియో. దీని మీదే ఎక్కువ డబ్బు పోస్తున్నారు, చదువు వాటా తక్కువ. 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో సుమారు 69 లక్షల వీక్షణలను పరిశీలించినవాళ్లు, వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి నిలిచేది ఆరు నిమిషాలకు మించదని తేల్చారు. మనవాళ్లు క్లాసు వెనక కెమెరా పెట్టి నలభై ఐదు నిమిషాలూ తీసేస్తారు. బోర్డు మీద మెరుపు పడుతుంది, ఫ్యాను చప్పుడు మాటను మింగుతుంది. సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ల నాణ్యతతో తీస్తే ఫైలు 500 ఎంబీ దాటుతుంది. అదే విషయాన్ని ఆరు నిమిషాలకు కోసి, స్లైడు మీద గొంతు పెట్టి, 400 కిలోబిట్లకు కుదిస్తే 18 ఎంబీ. కదలని స్లైడుకు అంతకంటే అక్కర్లేదు. కెమెరాకు పెట్టే డబ్బులో పదోవంతు మైకుకు పెడితే చాలు, బొమ్మ మసకగా ఉన్నా సర్దుకుంటారు, మాట వినపడకపోతే ఎవరూ కూర్చోరు.

ప్రత్యక్ష ప్రసార క్లాసులకు డేటా లెక్క ఇంకా కఠినం. సెకనుకు ఒక మెగాబిట్ వాడే వీడియో క్లాసు గంటకు 450 ఎంబీ తింటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్న విద్యార్థికి మూడు గంటల ఇరవై నిమిషాల తర్వాత, నాలుగో పీరియడ్ నడుమ, తెర ఆగిపోతుంది. అదే క్లాసు మాట మాత్రమే 40 కిలోబిట్లతో పంపితే గంటకు 18 ఎంబీ. స్లైడ్లు ముందురోజే దించుకోమని చెప్పి, క్లాసులో కెమెరాలు అందరూ కట్టేసి, గొంతుతోనే నడిపితే నెలంతా సరిపోతుంది. ఇదేదో పేదల కోసం చేసే రాజీ అనుకోకూడదు, చాలా సబ్జెక్టులకు ఇదే మేలైన పద్ధతి. 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల్లో గ్రామీణ భారతంలో నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, కంప్యూటర్లు ఆ స్థాయిలో పెరగలేదు. కాబట్టి కోర్సు తయారుచేసినవాడు తన ల్యాప్‌టాప్ మీద కాదు, ఆరంగుళాల ఫోన్ మీద తెరిచి చూసుకోవాలి. ఎనిమిది నిలువు వరుసల పట్టిక ఫోన్‌లో ఎలా ఉంటుందో చూస్తే మళ్లీ అలాంటిది పెట్టరు.

సిగ్నల్ ఊగిసలాడే ఊళ్ల కోసం మూడిల్ యాప్‌లో క్విజ్‌ను దించుకుని నెట్ లేకుండా రాసే వీలుంది. చాలామంది అధ్యాపకులకు ఇది ఉందనే తెలియదు, తెలిసి పెట్టినా పనిచేయలేదంటారు. కారణాలు ఎక్కువగా రెండు. క్విజ్‌కు సమయ పరిమితి పెడితే ఆఫ్‌లైన్ సౌకర్యం పనిచేయదు. జవాబులన్నీ చివర్లో ఒకేసారి దిద్దే పద్ధతి కాకుండా ప్రశ్న ప్రశ్నకూ దిద్దే పద్ధతి పెట్టినా పనిచేయదు. అందుకే అభ్యాస క్విజ్‌లకు గడియారం తీసేయాలి, మార్కుల పరీక్షను ల్యాబ్‌లో పెట్టాలి. గడియారంతో నడిచే పరీక్షలో నెట్ పోతే జవాబులు మామూలుగా నిమిషానికోసారి భద్రమవుతాయి కాబట్టి పోయేది ఆ చివరి నిమిషం పనే. ఆ సంగతి ముందే చెబితే సగం ఏడుపులు తగ్గుతాయి. ఆరువందల మందికి ఒకే నిమిషంలో పరీక్ష తెరిస్తే చిన్న సర్వర్ కూలిపోతుంది. సెక్షన్‌కు పావుగంట తేడాతో తెరవాలి, బ్యాంకు పెద్దదైతే ప్రశ్నలు బయటికి పొక్కుతాయన్న భయం ఉండదు.

ఇంటి దగ్గర రాసే మార్కులకు ఎంత బరువివ్వాలన్న దానికి ఎన్‌పీటెల్ లెక్క చూడదగ్గది. 2003లో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన ఈ పథకం కోర్సులు ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మీద నడుస్తున్నాయి. పన్నెండు వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లలో మెరుగైన ఎనిమిదిటి సగటుకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30, రెండూ విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్ జవాబులు గంటల్లో టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతాయన్నది బహిరంగ రహస్యం. అలా 25కు 24 తెచ్చుకున్నా హాల్లో 30 దాటకపోతే సర్టిఫికెట్ రాదు. పాతిక మార్కులు వారం వారం కూర్చోబెట్టడానికి, డెబ్బై ఐదు నిజం తేల్చడానికి. 2021 యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయంలో చదువుకోనిచ్చాయి. మన కళాశాలల సొంత ఎల్ఎంఎస్ మార్కులకు కూడా ఈ నిష్పత్తి ఉంటే బాగుంటుంది. ఇంటర్నల్ మార్కులన్నీ ఇంటి దగ్గరి క్విజ్‌కే ఇస్తే అది చదువుకు పరీక్ష కాదు, వాట్సాప్ గ్రూపు వేగానికి పరీక్ష.

రాతపని అసైన్‌మెంట్ల సంగతి 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక పూర్తిగా మారిపోయింది. ‘గ్రీన్‌హౌస్ ప్రభావం గురించి రాయండి’ అంటే అరవై చక్కటి జవాబులు వస్తాయి, చదివేవాడికి టైము దండగ. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ల వెంటపడే బదులు అడిగే తీరు మార్చాలి. మీ ఊరి చెరువు కింద ఏ పంట, నీరు ఎన్ని నెలలు, ఆ అంకెలతో లెక్క కట్టండి అంటే కొంత సొంత పని ఉంటుంది. సమర్పించాక వారిలో పదిమందిని పిలిచి మూడేసి నిమిషాలు నోటితో అడిగితే మిగతా యాభైమందీ జాగ్రత్తపడతారు. ఇక ఎక్కించే తీరు. ఫోన్ కెమెరాతో తీసిన పేజీ ఒక్కోటి నాలుగు ఎంబీ ఉంటే, అరవై మంది ఆరేసి పేజీలు పెట్టేసరికి ఒక్క అసైన్‌మెంట్‌కే దాదాపు ఒకటిన్నర జీబీ. స్కానర్ యాప్‌లో నలుపు తెలుపు పీడీఎఫ్‌గా చేసి పెట్టమంటే పేజీ పావు ఎంబీ, మొత్తం 90 ఎంబీ. ఫైలు గరిష్ఠ పరిమాణం 2 ఎంబీ అని సెట్ చేస్తే చెప్పాల్సిన పని కూడా లేదు.

ప్రయోగశాలలకు తెర ఎంతవరకు ప్రత్యామ్నాయం? కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే ఫెట్ సిమ్యులేషన్లు కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. అందులో తీగలు కలిపి, బల్బులు పెట్టి, బ్యాటరీకి మంట అంటుకునేలా షార్ట్ చేసి చూడవచ్చు. ల్యాబ్‌లో ఎవరూ చేయనివ్వని పని అది, నేర్చుకోవడానికి మంచి పని కూడా. కేంద్ర ప్రభుత్వ వర్చువల్ ల్యాబ్స్‌లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు చేసిన ప్రయోగాలున్నాయి. అయితే తెర మీది బ్యూరెట్‌లో (ద్రవాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం) రీడింగు అంకెల్లో కనిపిస్తుంది. నిజం బ్యూరెట్‌లో ద్రవం ఒంపు అడుగు అంచు దగ్గర కన్ను సమంగా పెట్టి చదవాలి, కన్ను పైనుంటే ఒక అంకె, కిందుంటే ఇంకో అంకె. చివరి చుక్కతో ఫినాఫ్తలీన్ కలిపిన ద్రావణం లేత గులాబీలోకి మారే క్షణంలో కాక్‌ను ఆపే చేతి నేర్పు మౌస్‌తో రాదు. ల్యాబ్‌కు ముందురోజు తెర మీద ఒకసారి చేయించి, మర్నాడు గాజు మీద చేయిస్తే రెండూ పనికొస్తాయి. ముందే చేసి వచ్చినవాళ్లు ‘ఇప్పుడేం చేయాలి సార్’ అని అడగరు, ‘నా రీడింగు ఎందుకు తేడా వచ్చింది’ అని అడుగుతారు.

ఇదంతా చేసేది ఎవరు, ఎప్పుడు అన్నదే మిగిలిన ప్రశ్న. వ్యాఖ్యలతో సహా ఒక మంచి ప్రశ్నకు పావుగంట పడుతుంది. నలభై ప్రశ్నలకు పది గంటలు, ఐదు యూనిట్లకు యాభై గంటలు, అదీ ఒక్క పేపరుకే. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. ఈ యాభై గంటలు అందులోకి రావు, ఇంకెందులోకీ కూడా రావు. గెస్టు లెక్చరర్‌కైతే పీరియడ్‌కు ఇంత అని లెక్కకట్టి ఇస్తారు, రాత్రి కూర్చుని ప్రశ్నలు చేసిన గంటలకు పైసా లేదు. అటువంటప్పుడు పీడీఎఫ్ పెట్టి ఊరుకోవడాన్ని బద్ధకం అనలేం. సర్వర్ బాధ్యత సరేసరి, కంప్యూటర్ సైన్స్ విభాగంలో అందరికంటే జూనియర్ నెత్తిన పడుతుంది. మూడిల్‌లో క్రాన్ అనే నేపథ్య పని ప్రతి నిమిషం నడవాలి. అది ఆగితే ఈ-మెయిళ్లు వెళ్లవు, ఎందుకో రెండు వారాలదాకా ఎవరికీ తెలియదు. బ్యాకప్ ఉందంటారు, దాన్ని ఒకసారైనా వేరే యంత్రంలో తిరిగి ఎక్కించి చూశారా అంటే మౌనం.

ట్యాబులు, తెరలు కొనే నిధుల్లో కొంత ఈ గంటలకు కేటాయించాలని ఉన్నత విద్యామండళ్లను, కళాశాల విద్యాశాఖలను కోరుతున్నాం. యాభై గంటల పనిని సుమారు మూడు వారాల బోధన భారం కింద లెక్కించి, కొత్తగా కోర్సు చేసే సెమిస్టర్‌లో ఒక పేపరు తగ్గిస్తే చాలు. రెండో ఏడాది నుంచి మరమ్మతులే ఉంటాయి, డిస్క్రిమినేషన్ మైనస్ వచ్చిన ప్రశ్నలు తీసేసి కొత్తవి పెట్టుకోవడమే. రెండు రాష్ట్రాల్లోనూ డిగ్రీ సిలబస్ విశ్వవిద్యాలయాల మధ్య చాలావరకు కలుస్తుంది కాబట్టి ప్రతి కళాశాలా మొదటినుంచి చేసుకోవాల్సిన అవసరమూ లేదు. మూడిల్‌లో ప్రశ్నల బ్యాంకును ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దించి ఇంకో కళాశాల మూడిల్‌లో ఎక్కించడానికి ఐదు నిమిషాలు పడుతుంది, వ్యాఖ్యలూ బొమ్మలూ కూడా వెంట వస్తాయి. ఐదుగురు ఐదు యూనిట్లు పంచుకుంటే ఒక్కొక్కరికి పది గంటల పనే. అలా పంచుకునేటప్పుడు ఎక్కించుకున్నవాళ్లు మొదటి వారం విద్యార్థుల కంటే ముందు తామే ఆ క్విజ్ ఒకసారి రాసి చూసుకోవాలి. కీలో తప్పుంటే అప్పుడే దొరుకుతుంది.

ఇట్లు,
డిగ్రీ, ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎల్ఎంఎస్ బాధ్యతలు చూసే అధ్యాపకులు కొందరు